రెండు మేళములు

పూర్వదేవతల కథలను వాద్యసహితముగ పాడు మేళములు లోకమున పెక్కు కలవు. నేటి ప్రసంగమున అట్టి మేళములు రెండింటి చరిత్రను శ్రోతల ముందుంచదలచితిమి. ఒకటి జర్మనీ దేశమున థురింగియా ప్రాంతమునందు 1995లో ఏర్పడిన ‘మెన్‌హిర్’ అను సంగీత బృందము. రెండవది మన నిజామాబాదు జిల్లా బోధన్ పరిసరములందు తరతరములుగ ఆడి పాడుచున్న చిందు మేళము. ఈ రెండింటికిని ఎట్టి సంబంధమును లేదు. అయినను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, పోగొట్టుకొన్న సొత్తు ఎట్టిదో, చేతనుండియు గుర్తింపని సొత్తు ఎట్టిదో తెలియును.

ముందుగ జర్మనీ సంగతి. మెన్‌హిర్ వారు పాడు సంగీతమునకు ‘పేగన్ మెటల్’ అని పేరు. మెటల్ సంగీతము 1970 ప్రాంతమున ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అను కర్మాగారముల పట్టణమున పుట్టినది. విద్యుత్తుతో పలుకు గిటారులు, పిడుగులవలె మ్రోగు డ్రమ్ములు, గర్జించు గొంతు దీని లక్షణములు. ఇక ‘పేగన్’ అను మాటకు లాటిను భాషలో మొదటి అర్థము పల్లెటూరివాడని చెప్పుదురు. క్రైస్తవము వ్యాపించిన పిమ్మట పాత దేవతలను విడువని వానికి ఆ పేరు నిలిచినది. గ్రామదేవతను కొలుచువాడని మనము చెప్పుకొనవచ్చును. మెన్‌హిర్ అనగా పూర్వులు నేలలో నాటి నిలిపిన పెద్దరాయి.

ఆ దేశపు గ్రామదేవతలు ఏమైరి? 723 ప్రాంతమున బోనిఫేస్ అను మతాచార్యుడు గైస్మార్ అను చోట, ఉరుముల దేవుడైన డోనారునకు పవిత్రమైన ఓక్ వృక్షమును నరికెను. 772 మొదలు 804 వరకు షార్లమేన్ చక్రవర్తి సాక్సను జాతివారితో యుద్ధములు చేసి వారిని క్రైస్తవమునకు త్రిప్పెను. కాలక్రమమున పాత పాట నోటినుండి నోటికి నడచు త్రోవ మూసికొనిపోయెను. ప్రాచీన జర్మను భాషలో ఆ దేవతల పేర్లు చెప్పి పఠించు మంత్రములు మెర్సెబర్గు గ్రంథాలయములోని ఒక మతగ్రంథమున దాగియుండగా, 1841లో జార్జ్ వైట్జ్ అను చరిత్రకారుడు కనుగొనెను. అవి రెండే రెండు. మరుసటి ఏట యాకోబ్ గ్రిమ్ పండితుడు వానిని ప్రకటించెను.

వీరగాథలలోను ఇదే దుఃస్థితి. హిల్డెబ్రాండ్ గాథ అను ప్రాచీన గాథను 830 ప్రాంతమున ఫుల్డా మఠమున ఇద్దరు లేఖకులు ఒక లాటిను మతగ్రంథపు మొదటి పుటమీదను, చివరి పుటమీదను వ్రాసిపెట్టిరి. ముప్పది ఏండ్ల పిమ్మట తిరిగి వచ్చిన తండ్రికి, రెండు సేనల నడుమ కన్నకొడుకే ప్రత్యర్థియై ఎదురగును. తాను తండ్రినని చెప్పినను కొడుకు నమ్మడు. కత్తులు కలియును. అంతలో పుట నిండిపోయినది. దొరకినవి 68 పంక్తులు మాత్రమే. కథ ముగింపు ఆ పుటలందు లేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లో ఆ గ్రంథము కూడ అపహరింపబడి అమెరికా చేరెను. గ్రంథము 1955లోను, విడిపోయిన మొదటి పుట 1972లోను మరల జర్మనీకి చేరినవి.

1997లో మొదటి పెద్ద రికార్డును వెలువరించిన మెన్‌హిర్ బృందము, 2007లో ఈ హిల్డెబ్రాండ్ గాథ పేరిటనే ఒక రికార్డును తెచ్చినది. వేయి సంవత్సరముల క్రిందట తెగిపోయిన దారమును గ్రంథాలయమునుండి తెచ్చి మరల ముడివేయుటకు చేసిన యత్నమది. మెచ్చుకొనదగినదే. కాని ఆ పాట పూర్వము ఏ వరుసలో పాడిరో, ఏ వాద్యము తోడుగ నుండెనో చెప్పగల తాత ఒక్కడును వారికి లేడు. మాట పుస్తకమునుండి వచ్చినది, నాదము మాత్రము నేటిది.

మరియొక చిక్కును కలదు. 1933 నుండి 1945 వరకు జర్మనీని ఏలిన నాజీలు ఈ పూర్వదేవతల చిహ్నములను, పాత రూన్ అక్షరములను తమ జాతిదురహంకారమునకు వాడుకొనిరి. కనుక నేడు అచ్చట ఎవరు ముత్తాతల దేవతలను గూర్చి పాడినను, ఏ ఉద్దేశముతో పాడుచున్నారని అడుగువారు ఉందురు. అడుగుటయు న్యాయమే.

ఇక బోధన్ సంగతికి వత్తము. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము మంజీర నీటిని ఈ పొలములకు తెచ్చినది. 1930ల చివర శక్కర్‌నగరమున చక్కెర కర్మాగారము వెలసినది. చెరకు బండ్లు నడచిన ఈ బాటల వెంటనే చిందువారును ఊరూర తిరిగిరి. ‘చిందు’ అనగా లయకు తగినట్లు ఎగిరి వేయు అడుగు. మాదిగలను ఆశ్రయించి, వారి కులపురాణమును పాడి బ్రతుకు కులము వీరిది. ఏ కుటుంబమునకు ఏ ఊళ్లు చెందునో పూర్వమునుండి పంపకము కలదు. దానిని మిరాశి అందురు. ఆట ముగిసిన పిమ్మట ఆశ్రయదాతలు ఇచ్చు కానుకకు త్యాగమని పేరు.

మద్దెల, తాళములు, హార్మోనియము వీరి వాద్యములు. తేలిక కర్రతో చెక్కి రంగులు వేసిన కిరీటములు, భుజకీర్తులు వీరి ఆభరణములు. ముఖమునకు అర్దళము పూసికొందురు. పూర్వము కాగడాల వెలుగున, తరువాత పెట్రోమాక్సు దీపముల వెలుగున, నేడు విద్యుద్దీపముల క్రింద సారంగధర, చెంచులక్ష్మి, హరిశ్చంద్ర మొదలగు కథలను తెల్లవారువరకు ఆడుదురు. కూచిపూడి మేళములలో చిరకాలము పురుషులే స్త్రీవేషములు కట్టిరి. చిందులలో స్త్రీలే రంగమునకు వత్తురు. ఎల్లమ్మ పండుగనాడు చిందు స్త్రీ ఎల్లమ్మ వేషమున నిలిచినప్పుడు ఊరు ఆమెకు మ్రొక్కును.

వీరి ఆటలలో ముఖ్యమైనది జాంబపురాణము. ఆదిజాంబవుడు భూమి పుట్టుటకు ఆరు నెలలు ముందే పుట్టినాడని ఇందలి కథ. ఎదుట బ్రాహ్మణ పాత్ర నిలిచి ప్రశ్నించును. జాంబవుడు సృష్టి క్రమమును వివరించి, అందరికంటె పెద్దవాడనైన నన్ను ఊరి వెలుపల ఏల ఉంచితిరని వాదించును. శ్రోతలు ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. నాజీలు పూర్వుల గొప్పను చెప్పి ఇతరులను వెలివేసిరి. జాంబపురాణము పూర్వుల గొప్పను చెప్పి, వెలివేయబడిన వానికి ఊరిలో చోటు అడుగుచున్నది. రెండును వంశకీర్తనలే. కాని ఒకటి అధికారమునకు ఆయుధమైనది, రెండవది న్యాయమునకై చేసిన విన్నపము.

ఈ విద్యకు బోధన్ మండలము అమ్దాపూర్ గ్రామమునకు చెందిన చిందుల ఎల్లమ్మ పేరు తెచ్చినది. పసితనముననే గజ్జెకట్టి వృద్ధాప్యమువరకు ఆడిన ఆమె స్త్రీ పాత్రలనే గాక పురుష పాత్రలను సైతము ధరించినది. ఆమె జీవితకథ కె. ముత్యం గారి కృషివలన గ్రంథరూపమున నిలిచినది. 2005లో ఆమె కీర్తిశేషురాలైనది. 2024లో జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి భారత ప్రభుత్వము పద్మశ్రీ ప్రకటించినది. గౌరవము ఆలస్యముగ వచ్చినను వచ్చినందుకు సంతోషము.

కాని బిరుదులతో మేళము నడవదు. రాత్రి దేవతగ మ్రొక్కులందుకొన్న స్త్రీకి మరునాటి ఉదయము కొందరి గడపలోనికి పిలుపు లేకపోయెడిది. ఇది మన ఊళ్ల చరిత్రలోని మాటయే. సినిమా, తరువాత టెలివిజను వచ్చి రాత్రి ఆటకు జనమును తగ్గించినవి. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర కర్మాగారమున పని నిలిచిపోయినది. యువకులు పెక్కుమంది కూలికై నగరములకు, గల్ఫు దేశములకు తరలినారు. మద్దెల నేర్వవలసిన కుర్రవాడు ఊరిలో లేనిచో ముసలి గురువు విద్య ఎవరికి చెప్పును?

రేడియోలో పనిచేయు మాకు ఈ కళ ఒక చిక్కు తెచ్చును. చిందు చూడవలసిన ఆట. కిరీటపు రంగు మైకునకు పట్టువడదు, అడుగు ఎత్తు వినపడదు. అయినను మద్దెల మీది వ్రేలి పోటు, వంతవారు పల్లవి అందుకొను తీరు, జాంబవుని వాదములోని ఎత్తిపొడుపు ధ్వనిముద్రణమున నిలుచును. హిల్డెబ్రాండ్ గాథను వ్రాసిన ఫుల్డా లేఖకులకు ఈ సౌకర్యము లేదు. మనకు కలదు. అయితే ముద్రణము చేసి బీరువాలో పెట్టుటతో మన పని ముగిసినదని తలంపరాదు. పాటను నిలుపునది పాడువాని బ్రతుకు. వానికి కూలియు గౌరవమును దొరకనిచో, మన మనుమలు కూడ ఒకనాడు గ్రంథాలయములలో మిగిలిన పంక్తులను లెక్కపెట్టుకొనవలసివచ్చును.

కావున శ్రోతలకు మా మనవి యొకటే. పంటలు ఇంటికి వచ్చిన దినములలో మీ ఊరికి గాని, ప్రక్క ఊరికి గాని చిందు మేళము వచ్చినచో పిల్లలను వెంటబెట్టుకొని పొండు. కథ ముగియువరకు కూర్చుండుడు. త్యాగము ఇచ్చునప్పుడు చేయి ముడువకుడు. మరునాడు ఉదయము ఆ కళాకారులు మీ వాకిటికి వచ్చినచో లోనికి పిలిచి, కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి మాటలాడుడు. జాంబవుడు ఆ రాత్రి అడిగిన ప్రశ్నకు ఇంటివారు ఇయ్యగల సమాధానము అదియే.