మెటాడేటా: ఢిల్లీ గ్రంథాలయాలు, ఆర్కైవ్స్

ఒక పుస్తకాన్నో, ప్రభుత్వ ఫైలునో, తాళపత్ర గ్రంథాన్నో తెరవకుండానే అది ఏమిటో, ఎవరిదో, ఎప్పటిదో, ఎక్కడ దొరుకుతుందో తెలిపే వివరాలను మెటాడేటా అంటారు. ఒకప్పుడు కేటలాగు కార్డు మీద చేత్తో రాసిందీ, ఇప్పుడు కంప్యూటర్లో నింపుతున్నదీ ఇదే. ఈ వివరాలను ఏ వరుసలో, ఏ నియమంతో రాయాలో ప్రమాణాలు నిర్ణయిస్తాయి. గ్రంథాలయాలు, ఆర్కైవ్స్, రాతప్రతులు మూడింటిలోనూ ఈ పని పెద్ద ఎత్తున సాగుతున్న నగరం ఢిల్లీ.

ఇక్కడ ముందుగా తలచుకోవలసిన పేరు ఎస్.ఆర్. రంగనాథన్. కోలన్ వర్గీకరణను 1933లో మద్రాసులో ప్రకటించిన ఆయన, స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్రం బోధించారు. ప్రధాన వస్తువు, పదార్థం, క్రియ, స్థలం, కాలం అనే ఐదు ముఖాలుగా విషయాన్ని విడదీయడం ఆయన పద్ధతి. 19వ శతాబ్దపు గోదావరి మండలంలో వరి సాగు గురించిన పుస్తకం ఉందనుకుందాం. అందులో వరి వస్తువు, సాగు క్రియ, మిగిలినవి స్థలం, కాలం. నేటి కేటలాగుల్లో భాష, కాలం, విషయం ఎంచుకుంటూ ఫలితాలను కుదించుకునే ఏర్పాటు వెనక ఉన్నది ఈ ఆలోచనే.

కంప్యూటర్ కేటలాగుకు పునాది మార్క్ అనే ప్రమాణం. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 1960లలో హెన్రియెట్ ఏవ్రమ్ నాయకత్వంలో ఇది రూపొందింది. ఇందులో ప్రతి వివరానికీ ఒక సంఖ్య ఉంటుంది: ప్రధాన రచయిత పేరుకు 100, గ్రంథనామానికి 245. ఇంటర్నెట్ వనరుల కోసం 1995లో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్‌లో మొదలైన డబ్లిన్ కోర్ ఇంతకన్నా చాలా సరళం. అందులో ఉన్నవి 15 అంశాలే. 1988లో ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ గ్రంథాలయంలో ప్రారంభమైన డెల్‌నెట్, ఢిల్లీ గ్రంథాలయాల కేటలాగులను ఒకచోట చేర్చింది. అందరూ ఒకే నియమం పాటిస్తేనే అలాంటి ఉమ్మడి కేటలాగు నిలుస్తుంది.

తెలుగు పుస్తకానికి చిక్కు ఎదురయ్యేది పేరు దగ్గరే. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ప్రచురితమయ్యే ప్రతి పుస్తకమూ నాలుగు గ్రంథాలయాలకు అందాలి. వాటిలో 1951లో ప్రారంభమైన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ ఒకటి. అలా చేరే తెలుగు పుస్తకం మీద ఇంటిపేరు ముందుంటుంది. చివరి మాటనే ఇంటిపేరు అనుకునేవారు శ్రీరంగం శ్రీనివాసరావును ‘రావు’ కింద నమోదు చేస్తే, ఆ కవి వందలాది రావుల మధ్య కలిసిపోతాడు. ‘శ్రీశ్రీ’ అని వెతికేవారికి అసలే దొరకడు. దీనికి ప్రామాణిక నామ పట్టిక మందు. ఒక పేరును స్థిరపరిచి, మిగతా రూపాలన్నిటినీ దానికి ముడివేస్తే పాఠకుడు ఏ రూపంతో వచ్చినా దారి దొరుకుతుంది.

లిపి సంగతి మరీ బాధ కలిగిస్తుంది. గుర్తులు లేని రోమన్ అక్షరాల్లో కల, కళ, కాల, కాళ ఒక్కలాగే కనిపిస్తాయి. 2001లో వచ్చిన ఐఎస్‌ఓ 15919 లిప్యంతరీకరణ ఈ తేడాలను నిలుపుతుంది. మార్క్‌లోని 880 క్షేత్రంలో మూల లిపినే ఇవ్వవచ్చు. అయితే ఆ తెలుగు యూనికోడ్‌లో ఉండాలి. అను వంటి పాత ఫాంట్లలో కొట్టిన పేరు తెర మీద తెలుగులా కనబడినా వెతుకులాటకు అందదు.

ఆర్కైవ్స్‌ది వేరే లోకం. 1891లో కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్‌గా పుట్టి, తర్వాత ఢిల్లీకి తరలివచ్చిన నేషనల్ ఆర్కైవ్స్ జన్‌పథ్‌లో ఉంది. అక్కడ కాగితాలను విషయాన్ని బట్టి కాక, వాటిని సృష్టించిన కార్యాలయాన్ని బట్టి అమర్చుతారు. హైదరాబాద్ సంస్థానం గురించిన ఉత్తరం రెసిడెన్సీ రికార్డుల్లో ఉండవచ్చు, విదేశాంగ శాఖ ఫైళ్లలోనూ ఉండవచ్చు. రెంటినీ కలిపి ‘హైదరాబాద్’ అనే కట్టగా మారిస్తే ఎవరు ఎవరికి, ఏ హోదాలో రాశారన్న సాక్ష్యం చెదిరిపోతుంది. అందుకే అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి ప్రమాణమైన ఇసాడ్-జి ముందు మొత్తం సముదాయాన్ని, తర్వాత శ్రేణిని, ఆపైన ఫైలును వర్ణించమంటుంది. దాని 2000 నాటి కూర్పులో 26 అంశాలున్నాయి. అభిలేఖ్ పటల్ పోర్టల్ 2015లో వచ్చాక ఇంటి నుంచే వెతకవచ్చు. అయినా ఆ విషయాన్ని ఆ రోజుల్లో ఏ శాఖ చూసేదో తెలిసినవారికే వెతుకులాట త్వరగా ఫలిస్తుంది.

2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ చేపట్టిన పని ఇంకా సూక్ష్మం. పేరు, కర్త, వ్యాఖ్యాత, ఆకుల సంఖ్య, కొలతలు, ప్రతి స్థితి నమోదు చేయాలి. భాషకూ లిపికీ వేర్వేరు గడులుండటం మనకు ప్రాణావసరం. తెలుగు లిపిలో రాసిన సంస్కృత గ్రంథాలు మన తాళపత్రాల్లో కొల్లలు. లిపి గడి ఖాళీగా వదిలితే, అవి తెలుగు ప్రాంతం నుంచి వచ్చినవన్న ఆధారమే కేటలాగులో మిగలదు. ఒకే కట్టలో నాలుగైదు గ్రంథాలున్నప్పుడు మొదటిదాన్ని మాత్రమే నమోదు చేస్తే మిగతావి లేనట్టే లెక్క.

ప్రమాణాల్లో చోటు ఉంది. దాన్ని నింపే వివరం చాలావరకు మన దగ్గరినుంచే వెళ్లాలి. ప్రచురణకర్తలు పుస్తకం లోపలి పేజీలో రచయిత ఇంటిపేరు, కలం పేరు విడివిడిగా, తెలుగులోనూ రోమన్‌లోనూ ముద్రించాలి. ఇంట్లోని తాళపత్రాలనో, పెద్దల ఉత్తరాలనో గ్రంథాలయానికి ఇచ్చేవారు అవి ఏ ఊరివి, ఎవరి చేతి రాత, ఎవరి నుంచి ఎవరికి వచ్చాయి అన్నది ఒక కాగితం మీద రాసి, వాటితోపాటే ఇవ్వాలి.