ఫ్లాపీకి తొడుగే ప్రాణం

పుస్తకం వేరు, అట్ట వేరు. అట్ట ఊడినంత మాత్రాన కావ్యం చెడదు. నా బీరువాలో అట్టలు లేని ప్రబంధాలు అరడజను ఉన్నవి; వాటిలో ఒక్క గణం కూడా జారిపోలేదు. కంప్యూటరు ఫ్లాపీ సంగతి అట్లు కాదు. దాని చరిత్రను తిరగేసిన కొద్దీ, ఇక్కడ తొడుగును వదిలి రాతను మాత్రమే కాపాడుకోవడం కుదరదని నాకు రూఢి అయినది.

1960ల చివర అమెరికాలోని శాన్ హోసే నగరంలో ఐ.బి.యం. సంస్థ వారికి ఒక అవసరం కలిగింది. తమ పెద్ద కంప్యూటర్లు మేలుకొనగానే చదువుకోవలసిన లోపలి ఆదేశాలను ఊరూరికీ టపాలో పంపదగిన చౌకైన సాధనం కావాలి. డేవిడ్ నోబుల్ నాయకత్వంలో ఒక బృందం పలుచని మైలారు బిళ్ళ మీద అయస్కాంతపు పూత పూసి చూసింది. రాత నిలిచింది కాని, దుమ్ము నిలువనీయలేదు. అప్పుడు రాల్ఫ్ ఫ్లోరెస్, హెర్బర్ట్ థాంప్సన్ అనే ఇద్దరు ఆ బిళ్ళను ఒక చదరపు ప్లాస్టిక్కు తొడుగులో పెట్టి, తొడుగు లోపలి వైపున మెత్తని గుడ్డ వంటి పొరను అతికించారు. బిళ్ళ తిరిగినప్పుడల్లా ఆ పొర దాని ముఖం తుడుస్తుంది. ఆ తొడుగుకు 1972లో పేటెంటు లభించింది. ఎనిమిది అంగుళాల ఫ్లాపీ అంతకు ముందు ఏడే, 1971లో, బయటి లోకానికి వచ్చింది. ఇక్కడ తొడుగు అలంకారం కాదు, నిత్య స్నానం చేయించే దాసి.

మన తాళపత్రాలకు కూడా పైన క్రింద చెక్క పలకలు, నడుమ రంధ్రంలో త్రాడు, పైన గుడ్డ మూట ఉండేవి. కాని మూట విప్పినా ఆకు ఆకే, కన్నుంటే చదువుకోవచ్చు. ఫ్లాపీ బిళ్ళను తొడుగు చీల్చి తీస్తే గోధుమ రంగు రేకు మిగులుతుంది, అంతే.

1976లో షుగార్ట్ సంస్థ అయిదుంబావు అంగుళాల ఫ్లాపీని తెచ్చిన తరువాత ఈ వస్తువు ఇళ్ళలోకి వచ్చింది. దానికి పై తొడుగుగా కాగితపు కవరు, ఆ కవరు మీద వరుసగా నిషేధాలు: వంచరాదు, తాకరాదు, అయస్కాంతం దగ్గర ఉంచరాదు. శాన్ డియాగోలోని బీగిల్ బ్రదర్స్ అనే చిన్న సంస్థ ఈ నిషేధాలను వెక్కిరిస్తూ తన కవర్ల మీద వింత హెచ్చరికల బొమ్మలు అచ్చువేసింది. తొడుగు కూడా ఒక రచనేనని తొలుత గుర్తించినవారిలో వీరినీ చేర్చాలని నా అభిప్రాయం.

అప్పటికి వాణిజ్యం ఇంకా బాల్యంలోనే ఉంది. కెన్, రోబర్టా విలియమ్స్ దంపతులు 1980లో తమ 'మిస్టరీ హౌస్' ఆటను వంటింట్లో వాడే జిప్‌లాక్ సంచులలో పెట్టి అమ్మారు. పచ్చళ్ళ వ్యాపారం కూడా ఇంతకన్న ఆర్భాటంగానే మొదలవుతుంది!

1983లో ఒక విచిత్రం జరిగింది. ఆ ఏడాది మార్చిలో ఇంగ్లండులోని మాంచెస్టరుకు చెందిన న్యూ ఆర్డర్ అనే వాద్యబృందం 'బ్లూ మండే' అనే పాటను పన్నెండు అంగుళాల రికార్డుగా విడుదల చేసింది. దాని తొడుగును రూపొందించిన పీటర్ సావిల్ ఆ బృందం వారి వద్ద ఒక ఫ్లాపీని చూసి ముచ్చటపడి, రికార్డుకు అచ్చంగా ఆ వేషమే వేశాడు: నల్లని చదరం, కోసిన రంధ్రాలు, వాటిలోంచి తొంగిచూసే వెండి రంగు. ముఖం మీద పాట పేరు లేదు, పాడినవారి పేరు లేదు. అంచున రంగు గళ్ళ వరుస మాత్రమే. ఆ గళ్ళే సంకేతాక్షరాలు. వాటిని విప్పే తాళంచెవి వారి మరొక రికార్డు వెనుక అట్ట మీద ఉంది. కోతల ఖర్చు ఎక్కువై, అమ్మిన ప్రతి రికార్డు మీద నష్టమే వచ్చిందని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. అదే ఏడాది అమెరికాలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ తన తొలి ఆటల ఫ్లాపీలను గ్రామఫోను రికార్డుల అట్టల వంటి పలుచని మడత అట్టలలో పెట్టి అమ్మింది. లోపల రచయితల ఛాయాచిత్రాలు, వారి పరిచయాలు. అక్కడ రికార్డు ఫ్లాపీ వేషం కట్టింది, ఇక్కడ ఫ్లాపీ రికార్డు వేషం కట్టింది. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసినది కాదు.

అయితే తొడుగును రచనలో భాగం చేసిన ఘనత మసాచుసెట్స్‌లోని ఇన్ఫోకామ్ వారిది. వీరి ఆటలలో బొమ్మలుండవు, అంతా వచనమే. అందుచేత నాబోటివాడికి కూడా వీరి మీద మమకారం. 1982లో మార్క్ బ్లాంక్ వ్రాసిన 'డెడ్‌లైన్' ఒక అపరాధ పరిశోధన కథ. చెప్పవలసిన కథంతా ఫ్లాపీలో పట్టలేదు. పట్టనిదానిని డబ్బాలో పెట్టారు: సాక్షుల వాఙ్మూలాలు, ప్రయోగశాల నివేదిక, శవం దగ్గర దొరికినవంటూ చిన్న సంచిలో మూడు మాత్రలు. ఈ వస్తువులకు 'ఫీలీలు' అని పేరు స్థిరపడింది. 'స్టార్‌క్రాస్' ఆట ప్లాస్టిక్కు పళ్ళెం ఆకారంలో, ఎగిరే పళ్ళెమన్నమాట, వచ్చింది. 'సస్పెండెడ్' డబ్బా మీద తెల్లని ముఖపు ముసుగు. వీటిని అరల్లో సర్దలేక దుకాణదారులు విసిగిపోగా, 1984లో అన్నిటికీ ఒకే కొలత డబ్బా వచ్చింది. ఆ ఏడాదే డగ్లస్ ఆడమ్స్‌తో కలిసి చేసిన 'హిచ్‌హైకర్స్ గైడ్' ఆట డబ్బాలో ఒక ఖాళీ సంచి ఉండేది. అందులో కంటికి కనబడనంత సూక్ష్మమైన అంతరిక్ష నౌకాదళం ఉన్నదట! శూన్యాన్ని కూడా పొట్లం కట్టి అమ్మిన ఆ హాస్యానికి మన అవధానులు మెచ్చుకొని శాలువా కప్పేవారు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. స్టార్‌క్రాస్‌లో డబ్బాలోని నక్షత్రపటం చూసి అంకెలు చెప్పాలి. పటం లేనివాడికి దారి లేదు. 1990 నాటి 'మంకీ ఐలండ్' ఆటలో రెండు అట్ట చక్రాలను త్రిప్పి ఓడదొంగల ముఖాల పై సగం, క్రింది సగం జతపరిస్తే ఒక సంవత్సరం కనబడుతుంది. అది చెప్పనిదే ఆట సాగదు. దొంగ నకళ్ళను ఆపుటకు వేసిన ఎత్తు ఇది. ఫలితంగా, ఫ్లాపీలోని రాతను మాత్రమే భద్రపరచినవారి చేతిలో తాళం మిగిలింది, తాళంచెవి చెత్తబుట్టకు పోయింది. అందుకే తరువాతి కాలపు సంరక్షకులు డబ్బాలను, పటాలను, చక్రాలను కూడా స్కాను చేసి దాచవలసి వచ్చింది.

ఈ బాధను తెలిసి కోరి తెచ్చుకున్న గ్రంథం కూడా ఒకటి ఉంది. 1992లో విలియం గిబ్సన్ తన తండ్రి ఛాయాచిత్రాల సంపుటం జ్ఞాపకంగా 'అగ్రిప్ప' అనే కవిత వ్రాశాడు. చిత్రకారుడు డెనిస్ ఆష్‌బా, ప్రచురణకర్త కెవిన్ బెగోస్ దానిని ఫ్లాపీలో పెట్టి, ఒక పెద్ద పుస్తకం చివరి పుటలను అతికించి, నడుమ గుంట తొలిచి అందులో ఉంచారు. కవిత తెర మీద ఒక్కసారి సాగిపోతుంది, ఆపై తనను తానే చిక్కుపరచుకొని మళ్ళీ చదవరానిదవుతుంది. ఆ డిసెంబరులోనే పాఠం బయటికి పొక్కి అంతర్జాలమంతా ప్రాకింది. 2008లో పరిశోధకులు ఒక అసలు ఫ్లాపీ ప్రతిని సంపాదించి, అది నడిచే తీరును చూపగలిగారు. కవితను కంఠస్థం చేసే సంప్రదాయంలో పెరిగినవాడిని గనుక, ఒక్కసారే చదివించే కవిత అన్నప్పుడు నాకు భయం కలగలేదు. ఏకసంథాగ్రాహి ఒక్కడు చాలు కదా అనిపించింది.

మా గురువుగారి శతక వ్యాఖ్యానం అట్లా ఎవరి కంఠంలోనూ లేదు. 1990ల చివర విజయవాడలో ఒక డీటీపీ వారి చేత అక్షరాలు కూర్పించారు. అచ్చు కాకముందే ఆయన కాలం చేశారు. వ్రాతప్రతి ప్రెస్సులోనే పోయింది. ఆయన కుమారుడు నాకిచ్చినది పొగరంగు మూత, తాళంచెవి ఉన్న ఒక ప్లాస్టిక్కు పెట్టె, అందులో పదకొండు ఫ్లాపీలు. ఆ పెట్టె తాళం దేనికో నాకు బోధపడదు. దొంగ పెట్టెనే చంకన పెట్టుకొని పోవచ్చును. రెండు మూడు చోట్ల చూపించాను. తొమ్మిది ఫ్లాపీలు అసలు పలకలేదు. రెండింటిలో దస్త్రాలు తెరుచుకున్నవి కాని, ఆనాటి ఫాంటు దొరకనందున తెర మీద అన్నీ రోమను గుర్తుల గందరగోళం. ఆ గుర్తులను యూనికోడులోకి మార్చుటకు ఒక పూర్వ విద్యార్థి ప్రయత్నిస్తున్నాడు; ఇప్పటికి పద్నాలుగు పద్యాల టీక తేలింది.

మిగిలిన తొమ్మిదింటి మీద చీటీలు మాత్రం చెక్కుచెదరలేదు. నీలి సిరాతో, అరసున్నలతో సహా, గురువుగారి దస్తూరి. ఏడవ దాని మీద ఇట్లున్నది: "పీఠిక. రెండవ ప్రూఫు. ఇంకను దిద్దవలెను."