చికాకోలు తాలూకా, గంజాం జిల్లా: వలసపత్రములలో మన గ్రామముల గుర్తింపు

ఆమదాలవలసలో రైలు దిగువారికి కనబడు స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు. ఆంగ్లేయుల కాలమున దీనినే చికాకోల్ రోడ్డు అనెడివారు. ఇచ్చట పేరు మారినను, సముద్రముల కావల భద్రపరుపబడిన కాగితములలో చికాకోలు చికాకోలుగానే నిలిచియున్నది. దర్బనులో గాని సూవాలో గాని తమ ముత్తాత పుట్టిన యూరేదో తెలిసికొనగోరు తెలుగువారికి ఈ సంగతి చాల అక్కరకు వచ్చును.

1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి ట్రూరో అను ఓడ 342 మందితో నేటాలు చేరినది. నాటినుండి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా అచ్చటికి పోయినవారు 1,52,184 మంది. అందు సుమారు మూడింట రెండువంతులు మద్రాసు రేవున ఓడ యెక్కినవారే. ఫిజీకి మద్రాసు ఓడలు నడచినది 1903 మొదలు 1916 వరకు. కూలీ కూలీకి ఒక సంఖ్య యుండెను. దాని యెదుట పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాయబడెడివి. నేటాలులో ఆ సంఖ్య పెండ్లి, బిడ్డల పుట్టుక, మరణము నమోదగు కాగితములలోను వెంటవచ్చెడిది. కావున అన్వేషకుడు పేరుతో గాక, ఇంటనున్న పాత కాగితములోని సంఖ్యతో ఆరంభించుట మేలు.

పేరును నమ్ముకొనరాదనుటకు కారణము కలదు. మన కుటుంబములను గుర్తుపట్టించునది ఇంటిపేరు. ఈ పత్రములలో దానికి గడియే లేదు. గుమాస్తా తన చెవికి సోకినదానిని రోమను లిపిలో వ్రాసెను. ఆ లిపిలో లకార ళకారములకు భేదము లేదు, టకార తకారములకును లేదు. నాయుడు అను గౌరవవాచకము దక్షిణాఫ్రికాలో అనేకులకు ఇంటిపేరైనది. దానిని పట్టుకొని శ్రీకాకుళమునకు వచ్చి విచారించినచో ఏ యిల్లు చూపగలము?

మిగిలిన ఆధారము స్థలనామము. అందును ఒక చిక్కు కలదు. నాడు చికాకోలు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చేరిన తాలూకా. పొరుగున నున్న పాలకొండ మాత్రము విశాఖపట్టణము జిల్లాలోనిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినపుడు గంజాం అను పేరు అటు పోయినది. చికాకోలు మొదలగు తెలుగు తాలూకాలు విశాఖపట్టణము జిల్లాలో కలిసి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయినవి. పత్రములో గంజాం అని చదివి నేటి పటమును తెరచినవాడు బరంపురము దారి పట్టును. జిల్లా గడిని చూచి నిలువక తాలూకా గడిని చదివినవాడు మన వాకిటికి వచ్చును. గ్రామనామ మొక్కటియే చాలదు. వలస అనగా వచ్చి నిలిచినవారి యూరు. ఈ సీమలో వలసాంతనామములు కోకొల్లలు, కొత్తవలసలే పలుచోట్ల కలవు.

ఇంతకును ఇదంతయు ఒప్పందపు కూలీల మాట. ఈ తీరమునుండి ఎక్కువమంది పోయినది బర్మాకు. 1937 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలోని భాగమే యగుటచేత ఆ ప్రయాణమునకు ఇట్టి పత్రములు లేవు. కళింగపట్టణములోను భీమునిపట్టణములోను ఓడ యెక్కినవాని ఎత్తును కొలిచి, మచ్చలు చూచి వ్రాసికొన్నవారు లేరు. గ్రామపు భూమి లెక్కలలో పట్టాదారుల పేర్లు దొరకునుగాని, సెంటు భూమిలేక రేవుకు నడచిన కూలివాని పేరుండదు. అతనినిగూర్చి మిగిలినది ‘రంగము పోయినాడు’ అని యింటివారు చెప్పుకొను మాటయే. ఆ మాట చెప్పగల వృద్ధులు ఆమదాలవలస చుట్టుపట్ల గ్రామములలో ఇంకను కొందరు కలరు. ఎవరింటినుండి ఎవరు పోయిరి, ఏ రేవున ఓడ యెక్కిరి, తిరిగివచ్చినవా రెవరు అను విషయములను ఇంటిపేర్లతో సహా వారి నోటనే విని వ్రాసికొనుట మన శాఖ విద్యార్థులు ఈ వేసవిలోనే చేపట్టదగిన పని.