పేరు ఎవరిస్తారు? డీజేల చరిత్రలో స్త్రీలు

ప్రతిభ ఉంటే పేరు దానంతటదే వస్తుందని మనకు చిన్నప్పట్నించీ చెప్తూనే ఉన్నారు. ఎలక్ట్రానిక్ నృత్య సంగీతపు చరిత్ర మాత్రం ఇంకో మాట చెప్తుంది. డీజే అనగానే మన ఊరేగింపుల్లో మోగే సౌండ్ బాక్సులు గుర్తొస్తాయి. నేనిక్కడ మాట్లాడుతున్నది రికార్డులు ఎంచి, ఒకదాన్నొకటి తెగకుండా కలుపుతూ రాత్రంతా జనాన్ని ఆడించే కళాకారుల గురించి. తెల్లారేసరికి వాళ్ల పని గాల్లో కలిసిపోతుంది. మిగిలేది తోటివాళ్ల నోట్లో వాళ్ల పేరు. తర్వాతి క్లబ్బుకి పిలుపు తెచ్చేది అదే.

1975లో డేవిడ్ మాంకూసో మరికొందరితో కలిసి న్యూయార్క్‌లో ‘రికార్డ్ పూల్’ పెట్టాడు. కంపెనీలు కొత్త రికార్డుల్ని ఉచితంగా ఇచ్చేవి, డీజేలు వాటిపై తమ అభిప్రాయం చెప్పేవాళ్లు. మంచి ఏర్పాటే. అయితే అది క్లబ్బుల్లో ఇప్పటికే పని దొరికినవాళ్ల కోసం. పని కావాలంటే రికార్డులుండాలి, రికార్డులు కావాలంటే పనుండాలి. ఈ వలయంలోకి కొత్తవాళ్లని చెయ్యిపట్టి తీసుకెళ్లేది స్నేహం. ఆ స్నేహాలు ఎక్కువగా మగవాళ్ల మధ్యే నడిచాయి.

మరి స్త్రీలు ఎలా వచ్చారు? షారన్ వైట్ 1970లలో ‘సహారా’ అనే లెస్బియన్ క్లబ్బులో వాయించింది. స్త్రీలు కట్టుకున్న ఆ చోట పేరు తెచ్చుకున్నాక, 1980లో మొదలైన పురుషుల క్లబ్బు ‘సెయింట్’లోనూ వాయించింది. కెల్లీ హ్యాండ్ డెట్రాయిట్ నుంచి న్యూయార్క్ వెళ్లి ‘పారడైజ్ గరాజ్’లో విని నేర్చుకుంది. 1990లో సొంత రికార్డు లేబుల్ పెట్టుకుంది. ‘కె. హ్యాండ్’ అన్న పేరుతో రికార్డులు తెచ్చింది. ఆ పేరు చూసి ఆడో మగో చెప్పలేం. డెట్రాయిట్ టెక్నో కథలో మాత్రం ముందు వినిపించేది ముగ్గురు మగవాళ్ల పేర్లే: హ్వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. ఆమెను నగర కౌన్సిల్ గౌరవించింది 2017లో. 2021లో, 56 ఏళ్లకే ఆమె చనిపోయింది.

తోటివాళ్ల మెప్పు ఎప్పుడూ స్త్రీలకు అడ్డే అనుకోనక్కర్లేదు. లండన్‌లో ‘ట్రేడ్’ క్లబ్బు తొలిరోజుల నుంచీ వాయించిన స్మోకిన్ జోని 1992లో ‘డీజే మ్యాగజైన్’ అందరికంటే ముందు నిలిపింది. 1997లో ఆ పత్రిక ఎంపికను పాఠకుల ఓటుకి వదిలింది. అప్పట్నించి 2024 దాకా ఒక్క స్త్రీ కూడా మొదటి స్థానానికి రాలేదు. ఓటు అందరిదీ, నిజమే. కానీ పెద్ద వేదికల మీద ఎవరు కనిపిస్తే వాళ్లకే కదా ఓటు పడేది! ఆ వేదికలకు ఎవరిని పిలవాలో ఓటుకన్నా ముందే తేలిపోతోంది.

వియన్నాకి చెందిన ఎలక్ట్రిక్ ఇండిగో దీన్ని దగ్గర్నుంచి చూసింది. 1990లలో ఆమె బెర్లిన్‌లోని ‘హార్డ్ వాక్స్’ రికార్డుల షాపులో పనిచేసింది. ఏ రికార్డు బాగుంది, ఎవరు బాగా వాయిస్తున్నారు అన్న మాటలు అలాంటి షాపుల్లోనే పుట్టి ఊరంతా పాకేవి. వాయించే స్త్రీలు దొరకడం లేదన్న సాకుకి జవాబుగా ఆమె 1998లో ‘ఫిమేల్ ప్రెషర్’ మొదలుపెట్టింది. అది ప్రపంచమంతటా ఈ రంగంలో ఉన్న స్త్రీల పేర్ల జాబితా. తర్వాత వాళ్లే ఉత్సవాల్లో ఎవరెవరు వాయిస్తున్నారో లెక్కలు కట్టారు. 2012లో స్త్రీలు సుమారు 9 శాతం. 2020-21 నాటికి సుమారు 27 శాతం.

ఆ మధ్యకాలంలో స్త్రీల ప్రతిభ మూడింతలైందని ఎవరూ అనరు. ఉన్న ప్రతిభ కనబడింది, లెక్క అడిగేవాళ్లు తయారయ్యారు. ఎవరి పేరు ఎవరు తలుస్తారు, ఎవరిని మర్చిపోతారు అన్నది రాసే స్త్రీలకు కొత్త ప్రశ్నేం కాదు. సంకలనానికో సభకో పేర్లు అడిగినప్పుడు మనకు మొదట గుర్తొచ్చే నలుగురూ ఎలా గుర్తొచ్చారో ఒకసారి ఆలోచించాలి. ఐదో పేరు కోసం వెతకాలి.