పేరంటాలపల్లి

పేరు వినగానే పసుపు కుంకుమలు గుర్తొస్తాయి కదూ! అశ్వారావుపేటకు ఈశాన్యంగా, వేలేరుపాడు అడవులు దాటాక, పాపికొండల నడుమ గోదావరి ఒడ్డున ఉందీ పల్లె. పక్కనే కొండవాగు, బాలానందస్వామి స్థాపించిన ఆశ్రమం, శివాలయం. ఊరివాళ్లు కొండరెడ్లు. వెదురు తడికలల్లి, మట్టి మెత్తి గోడలు కడతారు. ఆ పొందిక ముందు మన మేడలు దిగదుడుపే.

నిజాం ఏలుబడిలో ఇది పాల్వంచ సంస్థానపు అడవి. 1941లో ఆస్ట్రియా పండితుడు హైమెన్‌డార్ఫ్ భార్య బెట్టీతో ఈ కొండలకు వచ్చాడు. కొండరెడ్ల మధ్య ఉండి, చూసినదంతా రాసుకుని 1945లో పుస్తకం వేశాడు. కొండల అందంతోనే సరిపెట్టలేదాయన. పోడు కొట్టి జొన్న పండించుకునే ఈ మనుషులు షావుకార్లకు వెదురూ కలపా నరికేవారు. సరుకు గోదావరి మీద రాజమండ్రికి తేలిపోయేది. అప్పు మాత్రం ఇక్కడే ఉండిపోయేది. చదువురానివాళ్ల పద్దు ఎవరి చేతిలో ఉంటుందో మీకు చెప్పాలా!

వేలేరుపాడు మండలం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. పోలవరం ముంపు గ్రామాల్లో పేరంటాలపల్లి ఒకటి. పడవల్లో వచ్చే యాత్రికులకు ఇక్కడివాళ్లు వెదురుతో చేసిన పువ్వులు అమ్మేవారు. కొత్త కాలనీలో సిమెంటు ఇల్లు ఇస్తారు సరే, ఆ పెరట్లోకి వెదురు ఎక్కణ్ణించి వస్తుంది?