రన్‌వే చివర నుంచి వెనక్కి

మంగళూరు ప్రమాదంపై విచారణకు కూర్చున్నవాళ్లు కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ వింటే మొదట చాలాసేపు మాటలే లేవు. 2 గంటల 5 నిమిషాల రికార్డింగులో మొదటి గంటా 40 నిమిషాలు కెప్టెన్ నిద్రపోతున్నాడు. గురక కూడా వినిపించింది.

2010 మే 22 ఉదయం దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737-800 రన్‌వే దాటి లోయలో పడి కాలిపోయింది. 166 మందిలో 8 మందే బతికారు. అది గుట్టను చదును చేసి వేసిన టేబుల్‌టాప్ రన్‌వే కావడంతో అందరూ ముందు దాన్నే తప్పుపట్టారు.

రిటైర్డ్ ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే నాయకత్వంలోని కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ లెక్కలు తీస్తే వేరే సంగతి బయటపడింది. రన్‌వే మొదట్లో విమానం 50 అడుగుల ఎత్తున ఉండాలి, ఉన్నది దాదాపు 200. వేగం 144 నాట్లు ఉండాలి, 160 దాటింది. చక్రాలు నేలను తాకేసరికే సుమారు 5,200 అడుగుల రన్‌వే అయిపోయింది, ఇక మిగిలింది 2,800. అంతకు ముందే కో-పైలట్ మూడుసార్లు ‘గో అరౌండ్’ అన్నాడు, దిగొద్దు, పైకి లేపమని. కెప్టెన్ వినలేదు. అప్పటికీ దారి మూసుకుపోలేదు: బ్రేకులు గట్టిగా తొక్కి, రివర్స్ థ్రస్ట్ (ఇంజన్ల తోపును ఎదురు తిప్పి వేగం తగ్గించడం) వదలకుండా ఉంటే 7,600 అడుగుల దగ్గర ఆగేదని బోయింగ్ లెక్క. రన్‌వే పొడవు 8,033. కానీ రివర్స్ థ్రస్ట్ వేసిన కెప్టెన్ మనసు మార్చుకుని మళ్లీ లేపబోయాడు. కుడి రెక్క వెళ్లి యాంటెన్నాను నిలిపిన కాంక్రీటు దిమ్మెకు కొట్టుకుంది.

పెద్ద ప్రమాదం జరిగితే ఇలా ఓ కోర్టు వేయడం అప్పటి ఆనవాయితీ. నివేదిక ఇచ్చాక కోర్టు ఉండదు. చెప్పింది చేశారా అని అడిగేదెవరు? 2012లో విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో, ఏఏఐబీ, వచ్చింది. రావాల్సిందే, ఆలస్యంగా వచ్చింది.

2020 ఆగస్టు 7న దానికి అసలు పరీక్ష ఎదురైంది. కోజికోడ్‌లో అదే సంస్థ, అదే రకం విమానం, మళ్లీ దుబాయి నుంచే, మళ్లీ టేబుల్‌టాప్ రన్‌వే. వాన. మొదటి ప్రయత్నంలో దిగలేకపోయారు. కెప్టెన్ వైపు వైపర్ పనిచేయలేదు, వెనక నుంచి గాలి తోస్తోంది. విమానం సగం రన్‌వే దాటాక దిగింది. ఇక్కడా కో-పైలట్ ‘గో అరౌండ్’ అన్నాడు, ఇక్కడా అది చెల్లలేదు. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది చనిపోయారు. మర్నాడు పొద్దున్నే అక్కడి నుంచే ఇంకో విమానం నడపాలన్న తొందర కెప్టెన్ మీద పనిచేసిందని ఏఏఐబీ రాసింది. డ్యూటీ చార్టు దాకా వెళ్లి వెతకడం ఆ నివేదికలో మెచ్చుకోదగ్గ పని.

టేబుల్‌టాప్ రన్‌వేల చివర విమానాన్ని పట్టి ఆపే ఏర్పాటు సంగతి చూడమని గోఖలే కోర్టు ముందే సిఫారసు చేసింది. పదేళ్ల తర్వాత కోజికోడ్ రన్‌వే చివర అలాంటిదేమీ లేదు.