తెఱమీది ద్వంద్వయుద్ధము

ద్వంద్వయుద్ధమనగానే మన మనస్సులకు భీమజరాసంధులును, వాలిసుగ్రీవులును తోతురు. తోలుబొమ్మలాటలో దీపపు వెలుగున తెల్లని తెఱపై ఆ వీరులు ఒకరినొకరు తాకుచుండగా తెల్లవారువఱకు కనురెప్ప వాల్చక చూచిన పెద్దలు మనలో నింకను గలరు. అట్లు చూచుచున్న బాలునకు తెఱ వెనుకకు పోయి, బొమ్మను తన చేతితోనే ఆడింపవలెనను కోరిక కలుగకుండునా? నేడు నేను మనవి చేయబోవు వృత్తాంతము ఆ కోరికను గూర్చినదే.

జపానుదేశమున 1993వ సంవత్సరమున వెలువడిన యొక వీడియో ఆట చరిత్ర యిది. నాడు దానిని ఆడిన బాలురు నేడు నలువది యేండ్ల గృహస్థులు. వారిలో కొందఱు ఆ పాత యంత్రమును అటకమీదనుండి దింపి, దుమ్ము తుడిచి, మరల ఆడుచున్నారు. పెద్దలకిది పిల్లచేష్టగా తోచవచ్చును. అట్లని తీర్మానించుటకు ముందు ఆ ఆట ఎక్కడనుండి వచ్చినదో విచారింతము.

దాని మూలమును వెదకుచు పోయినచో మన కృష్ణాతీరము వఱకు రావలసియుండును. ఏడవ శతాబ్దమున చీనాదేశపు బౌద్ధభిక్షువు హ్యుయన్‌త్సాంగు ధర్మగ్రంథములకై భారతదేశమునకు వచ్చెను. ఆయన నలందయందు చదివి, దక్షిణమునకు దిగి, ఆంధ్రదేశమును, ధాన్యకటకమును దర్శించి, తన యాత్రాగ్రంథమున వర్ణించెను. అమరావతి చెంతనున్న ధరణికోటయే ఆ ధాన్యకటకమని చరిత్రకారులలో పలువురి అభిప్రాయము. ఆయన 645లో స్వదేశము చేరెను. ఆ యాత్ర ప్రజల నోట కథయై పెరిగి, 16వ శతాబ్దమున నూఱధ్యాయముల నవలగా రూపొందెను. ‘పశ్చిమయాత్ర’ యని దాని పేరు.

ఆ నవలలో భిక్షువునకు తోడుగా నడచువాడు శిలనుండి పుట్టిన వానరవీరుడు సున్ వుకాంగు. వానికి కోరినంత పెరుగు దండమును, మేఘముపై పోవు విద్యయు గలవు. వుకాంగు అనగా శూన్యత్వము నెఱిగినవాడని యర్థము. శూన్యవాదమును బోధించిన ఆచార్య నాగార్జునుని పేర మన కృష్ణాతీరమున కొండయే యున్నది గదా! ఈ వానరునకు మన హనుమంతుడే మూలమని చీనా పండితుడు హు షీ తలచెను. కాదు, చీనా గాథలలోనే మూలమున్నదని లూ షున్ వాదించెను. పండితులలో ఆ తగవు నేటికిని తీరలేదు.

1984లో అకిరా తోరియామా అను జపాను చిత్రకారుడు ఈ గాథను ఆధారముగా గైకొని, ‘డ్రాగన్ బాల్’ అను బొమ్మలకథను ఒక వారపత్రికయందు మొదలుపెట్టెను. సున్ వుకాంగు అను పేరులోని అక్షరములను జపానువారు సోన్ గోకు అని చదువుదురు. తోరియామా తన కథానాయకునకు ఆ పేరే పెట్టి, తోకను, పెరుగు దండమును, ఎక్కి తిరుగుటకొక మేఘమును ఇచ్చెను. పోనుపోను యాత్ర వెనుకబడి, మల్లయుద్ధములే కథకు ప్రాణమయ్యెను. ఆ కథ 1995 వఱకు సాగి, 42 సంపుటములుగా వెలువడెను.

1986లో అది టెలివిజనుపై కదలు బొమ్మల రూపమున ప్రసారమగుట ఆరంభమయ్యెను. గోకు పెద్దవాడైన పిమ్మటి కథ ‘డ్రాగన్ బాల్ జెడ్’ అను పేర 1989 మొదలు 1996 వఱకు 291 భాగములుగా నడచెను. ఇందొక విచిత్రము కలదు. పత్రికలో చిత్రకారుడు వారమునకు కొన్ని పుటలే వ్రాయుచుండెను. టెలివిజను కథ ఆ పుటలను దాటిపోరాదు. కావున యుద్ధములను సాగదీయక తప్పలేదు. ఒక యుద్ధమున ప్రతినాయకుడు ఫ్రీజా ‘ఈ గ్రహము అయిదు నిమిషములలో బ్రద్దలగును’ అని చెప్పును. ఆ అయిదు నిమిషములు గడచుటకు అనేక వారములు పట్టెను! వీరుడు పిడికిలి బిగించి బలము కూడగట్టుకొనుచుండగనే ఆనాటి భాగము ముగియును. బాలురు మరుసటి వారము వఱకు వేచియుండి, ఆ దెబ్బను తామే కొట్టినట్లు బడిలోను వీథిలోను అభినయించుచుండిరి. చూచుట యొకటి, చేయుట యొకటి. ఈ రెంటి నడుమ నున్న ఆకలికే ఆట అన్నమయ్యెను.

అదను కూడ కలిసివచ్చెను. 1990లో జపానునందు సూపర్ ఫామికాం అను ఆటయంత్రము అమ్మకమునకు వచ్చెను. దానిని ఇంటి టెలివిజనుకు తగిలించి, మన పిల్లలు క్యాసెట్టు అని పిలుచునట్టి ప్లాస్టిక్ పెట్టెను అందు గ్రుచ్చి, మీటల పలకను చేత పట్టుకొని ఆడుదురు. 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ అను ఆట ఇద్దఱు మల్లుల పోరాటమును లోకమంతట ప్రియమైన వినోదముగా చేసెను. ఆ మార్గముననే బాండాయి సంస్థ 1993 మార్చిలో ‘డ్రాగన్ బాల్ జెడ్: సూపర్ బుతోదెన్’ అను ఆటను ప్రకటించెను. మహామల్లయుద్ధగాథ యని ఆ పేరునకు స్థూలముగా అర్థము చెప్పవచ్చును.

ఆట కూర్చినవారికొక చిక్కు ఎదురయ్యెను. తక్కిన ఆటలలో మల్లులిద్దఱును ఒక్క తెఱలో ఇముడవలెను. అంతకు మించి ఎడముగా పోరాదు. ఈ కథలోని వీరులో, కొండలు దాటి ఆకాశమున ఎగురుచు పోరుదురు. ఈ చిక్కునకు వారు కనుగొన్న యుపాయము సులభమైనది. వీరులు దూరమైనంతనే తెఱ నిలువుగా రెండై, ఒక సగమున నొకడు, రెండవ సగమున నింకొకడు కనబడుదురు. దగ్గఱకు రాగానే ఆ గీత చెఱిగిపోవును. ప్రాణబలమునకొక కొలత, మనము ప్రాణశక్తి యను దానిని బోలిన ‘కీ’ యను శక్తికొక కొలత తెఱపై నుండును. చేతినుండి వెలుగుబాణము విడిచినచో ఆ శక్తి తఱుగును, మరల కూడగట్టుకొనవలెను. టెలివిజనులో వారముల తరబడి సాగినది ఇచట కొలది నిమిషములలో తేలిపోవును.

ముప్పది యేండ్ల పిమ్మట ఆ క్యాసెట్టు నెత్తినవానికి మొదట కలుగునది నిరాశ. ఆకాశమంత యున్నాడనుకొన్న వీరుడు వ్రేలెడంత బొమ్మ. ఆ యంత్రము 32,768 వన్నెలనుండి ఒకమాఱు 256 మాత్రమే చూపగలదు. చేసిన భంగిమయే మరల చేయును. వినిపించిన రాగమే తిరిగి వినిపించును. కూలిన కొండలేవి? కాలిన యాకాశమేది? అవి యాటలో ఎన్నడును లేవు. వారము వారము చూచిన కథను బాలుడు తన మనస్సులో మోసికొనివచ్చి ఆ తెఱపై పఱచెను. రెండు బొమ్మలతో లంకాదహనము చూపినపుడు మంటలు మన కన్నులలో లేచినట్లే యిదియు.

రెండవది అంతకంటె లోతుగా తాకును. ఆ యంత్రమునకు మీటల పలకలు రెండు. ఒకటి తనది, రెండవది అన్నదో, తమ్మునిదో, ప్రక్కయింటి నేస్తునిదో. భుజము భుజము రాచుకొనుచు, గెలిచినవాడు కేకలు వేయుచు, ఓడినవాడు మరల రమ్మని పిలుచుచు ఆడిన యాట యది. నేడు ఆట తిరిగి చేతికి వచ్చును గాని, రెండవ పలక నేలమీద ఒంటరిగా పడియుండును. నేస్తుడు ఏ దూరదేశముననో ఉద్యోగమున నుండును. ఇంటి గుంజపై పిల్లవాని యెత్తునకు పెట్టిన గంటు ఎన్నేండ్లయినను కదలదు, పెరిగినది పిల్లవాడే. ఈ ఆటయు అట్టి గంటు. మీట నొక్కినచో దెబ్బ నాటివలెనే పడును. మాఱినది నొక్కిన వ్రేలు.

తోరియామా 2024 మార్చి 1వ తేదీన కాలధర్మము నొందెను. భిక్షువు పాదయాత్ర నవలయై, బొమ్మలకథయై, కదలు చిత్రమై, ఆటయై పదునాలుగు శతాబ్దములు దాటి వచ్చినది, ఇకమీదనుకూడ పోగలదు. కథకు చావు లేదు, పాత్రకు కలదు. క్యాసెట్టులోని లోహము త్రుప్పు పట్టును, యంత్రము మూగవోవును. పెట్టెలలో పురుగులు తినిపోయిన మన తోలుబొమ్మలను తలచుకొన్నవారికి ఇది క్రొత్త సంగతి కాదు.

కావున పెద్దలకు నా మనవి యిది. ఇల్లు సర్దునపుడు కొడుకు చిన్ననాటి ఆటపెట్టె చేతికి దొరకినచో చెత్త యని పాఱవేయకుడు. పండుగకు వాడు ఇంటికి వచ్చినపుడు దానిని ముందుంచుడు. రెండవ పలక మనుమని చేతికి అందుడు. ఎవరు గెలిచినను కేకలు ఆ యింటనే వినబడును.